బొట్టు పైకి, పదును వెనక్కి

కురుమయ్య ఇంట్లో మొద్దుబారిన వస్తువు దొరకదు. కత్తిపీట, కొడవలి, గొడ్డలి సరే, అవి పదునుగా ఉండవలసినవే. ఆయన అంతటితో ఆగడు. ఒకసారి అట్లకాడకు కూడా పదును పెట్టాడు. ఆ పూట నర్సమ్మ దోసె తిప్పబోతే దోసె రెండు ముక్కలైంది, పెనం మీద గీత కూడా పడింది.

"దోసె తిప్పెటందుకా, కోసెటందుకా ఇది?" అని ఆమె వంటింట్లోంచి అరిచింది.

"తిప్పెటప్పుడు తిప్పు, కోసెటప్పుడు కొయ్యి. రెండు పనులకు అక్కరకొస్తది" అని భర్త వాకిట్లోంచి జవాబిచ్చాడు.

వాళ్లకూ మాకూ మధ్య ఒకటే గోడ. నా పడక్కుర్చీ ఆ గోడ పక్కనే ఉంటుంది. పుస్తకం తెరిచి కూర్చుంటే పుస్తకంలోని మనుషులకంటే ముందు వీళ్లే మాట్లాడతారు. మొదట్లో వినకూడదని కుర్చీ అటు జరిపి చూశాను. అటు ఎండ. మళ్లీ ఇటే జరుపుకున్నాను.

వనపర్తిలో కురుమయ్యను ఎరగని సందు లేదు. లైన్‌మన్‌గా పనిచేసి రిటైరయ్యాడు. గాలివాన వస్తే ఊరంతా తలుపులు మూసుకునేది, ఈయన మాత్రం తలుపు తీసుకుని బయటికి వెళ్లేవాడు. స్తంభం ఎక్కే ముందు సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి లైను బంద్ చేయించేవాడు. అటునుంచి "ఎల్సీ ఇచ్చినం" అన్న మాట చెవిన పడ్డాకే తీగ మీద చెయ్యి వేసేవాడు. ఎల్సీ అంటే లైన్ క్లియర్. తీగలో కరెంటు లేదు, ముట్టుకో, అని బాధ్యత గల మనిషి ఇచ్చే మాట. ఆ మాట లేకుండా ముట్టుకున్న స్నేహితులను ఆయన చూశాడు. అందుకే రిటైరయ్యాక కూడా ఆ అలవాటు వదల్లేదు. ఇంట్లో బల్బు మార్చాలన్నా, మిక్సీ విప్పాలన్నా ఎల్సీ కావలసిందే. ఇప్పుడు సబ్‌స్టేషన్ నర్సమ్మ.

"నర్సమ్మా, ఎల్సీ ఇయ్యి!"

"ఇచ్చిన!"

"ప్లగ్గు చేతిలున్నదా?"

"చేతిల రొట్టె పిండి ఉన్నది. ప్లగ్గు కింద పడున్నది."

"గట్ల గాదు. చేతిల పట్టుకొని చెప్పు."

"నన్నిచ్చింది మనిషికా, ట్రాన్స్‌ఫార్మర్‌కా!" అంటూ ఆమె పిండి చేత్తోనే ప్లగ్గు పట్టుకుని వాకిట్లోకి వచ్చేది. పట్టుకున్న ప్లగ్గును కళ్లారా చూస్తే తప్ప ఆయన వేలు కదిలేది కాదు.

ఆ ఇంటికి గడ్డి కోసే మిషను ఎలా వచ్చిందో చెప్పాలి. పెబ్బేరు రోడ్డులో ఒక ఫంక్షన్ హాలు ఉంది. దాని ముందు పచ్చగా లాను ఉండేది. పెళ్లిళ్లకు వచ్చినవాళ్లు ఆ లాను మీద ఐస్‌క్రీం పారబోసి, కుర్చీలు ఈడ్చి, పిల్లల్ని వదిలేసేసరికి ఓనరుకు విసుగొచ్చి టైల్స్ వేయించాలనుకున్నాడు. అక్కడి వైరింగ్ పనులు చూసే కురుమయ్యతో, "మిషను నువ్వే కొండవో. గడ్డి గూడ కావాలంటె చుట్టుకొని పో" అన్నాడు. కురుమయ్య నిజంగానే చుట్టుకొచ్చాడు. లానును మట్టితో సహా పట్టీలుగా కోసి, చాపల్లా చుట్టి, ట్రాలీ ఆటోలో వేసుకుని, మిషనును పైన కూర్చోబెట్టి తీసుకొచ్చాడు.

అప్పుడు నర్సమ్మ కొల్లాపూర్‌లో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్లింది. తిరిగి వచ్చేటప్పుడు మామిడిపండ్ల సంచి మోసుకుంటూ గేటు తీసి, అక్కడే నిలబడిపోయింది. ఇంటి ముందు ఆమెకు ఒక మడి ఉండేది. అందులో మెంతికూర, కొత్తిమీర, అంచున నాలుగు బెండ మొక్కలు.

"ఏందయ్యా ఇది?"

"లాను."

"నా మెంతికూర ఏది?"

"లాను కింద ఉన్నది."

నర్సమ్మది గట్టు మండలంలో ఒక పల్లె. అటు కన్నడ దేశం పక్కనే కాబట్టి కోపమొస్తే రెండు భాషలూ కలిసి వస్తాయి. "సాకయ్యా, సాకు! చాలు నీ సంసారం!" అని సంచి అక్కడే పడేసింది. మామిడిపండ్లు లాను మీద దొర్లాయి. కురుమయ్య వాటిని ఒక్కొక్కటే ఏరుతూ, "చూసినవా, ఒక్కటన్న పగిలిందా? మెత్తగున్నది గదా" అన్నాడు.

ఆయనకు ఆ గడ్డి మీద ఎందుకంత మోజో నాకు కొన్నాళ్లకు అర్థమైంది. ఉద్యోగమంతా కాళ్లకు మందపాటి బూట్లు, చేతులకు రబ్బరు తొడుగులు. తడి నేల మీద ఒట్టి కాలు పెట్టడమంటే ఆయన పనిలో ప్రాణంతో ఆడుకోవడం. ఇప్పుడు పొద్దున్నే నీళ్లు చల్లిన గడ్డి మీద చెప్పులు విడిచి, లుంగీ పైకి కట్టి, ఒక్కో అడుగూ మెల్లగా వేస్తూ నడిచేవాడు. చల్లదనం తగిలినప్పుడల్లా ముఖంలో ఒక చిన్న ఆశ్చర్యం. ఇంకా ఏమీ కాలేదే అన్నట్టు.

నర్సమ్మకు ఇది తెలియక కాదు. తెలిసే, చాలా రోజులు ఓర్చుకుంది. మెంతికూర మాత్రం మరిచిపోలేదు. బజార్లో కొన్న కట్ట విప్పినప్పుడల్లా, "మట్టి వాసనే లేదు. ఇది కూరనా, కాయితమా?" అని గోడకు వినిపించేలా అనేది.

అలా నడుస్తుండగా దసరా వచ్చింది.

దసరాకు ఆయుధపూజ. ఆటోవాళ్లు ఆటోలకు, దర్జీలు కుట్టుమిషన్లకు పూజ చేస్తారు. కురుమయ్య తన సామానంతా తీశాడు. కటింగ్ ప్లేయర్, టెస్టర్, పానాలు, సుత్తె. గడ్డి మిషను కూడా ఆయుధమే కదా. కాని మిషనుకు బ్లేడు కింద ఉంటుంది, డొప్ప లోపల. బొట్టు పెడితే డొప్పకు పెట్టినట్టవుతుంది గాని ఆయుధానికి పెట్టినట్టు కాదు. అందుకని ఎల్సీ తీసుకుని, మిషనును పక్కకు వాల్చి, నడిమి బోల్టు విప్పి బ్లేడు బయటికి తీశాడు. అది మూరెడు పొడుగున్న ఇనుప పట్టీ. నడుమ రంధ్రం, రెండు కొసల్లో ఎదురెదురు అంచులకు పదును. అంటుకున్న పాత గడ్డిని చెక్కముక్కతో గీకాడు. ఆకురాయితో రెండు కొసలనూ సమానంగా రాశాడు. తర్వాత గోడకు మేకు కొట్టి, నడిమి రంధ్రంతో తగిలించి చూశాడు. ఏ కొస బరువుంటే ఆ కొస కిందికి వాలుతుంది. వాలితే మిషను గడగడ వణుకుతుంది. బ్లేడు త్రాసు ముల్లులా అడ్డంగా నిలబడింది. ఇంతవరకు ఆయన చేసిన పనిలో వంక లేదు.

తర్వాత దాన్ని పీట మీద పడుకోబెట్టాడు. పైకి కనిపించిన వైపంతా పసుపు పూసి, నూనెలో కలిపిన కుంకుమతో బొట్లు పెట్టాడు. 'ఈ వైపు గడ్డికి' అని కంపెనీవాళ్లు ఇంగ్లీషులో చెక్కిన అక్షరాలు సరిగ్గా ఆ వైపే ఉన్నాయి. పసుపు కింద అవి సుఖంగా నిద్రపోయాయి.

పండుగ మర్నాడు బ్లేడు మళ్లీ బిగించాలి. కురుమయ్య దాన్ని చేతిలో పట్టుకుని చాలాసేపు ఆలోచించాడు. ముందు ఉన్నట్టు బిగిస్తే బొట్టు నేలకు ముఖం పెడుతుంది. అమ్మవారికి పెట్టిన బొట్టు మట్టిలో రాసుకుంటూ తిరగడమా? మనసొప్పలేదు. బ్లేడును తిప్పి, బొట్టు పైకి ఉండేలా బిగించి, కళ్లకద్దుకున్నాడు.

ఆ క్షణం నుంచి పదునైన అంచు వెనక్కి పోయింది, మొద్దు అంచు ముందుకొచ్చింది. మిషను తిరిగేది మాత్రం ఎప్పటిలా ఒక్క వైపుకే. ఇది ఇప్పుడు రాస్తున్నాను గాని, అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

ఆ యేడు వానలు బాగా పడ్డాయి. గడ్డి మోకాలికి రాబోతోంది. కురుమయ్య మిషను ఆన్ చేసి తోశాడు. చప్పుడు బ్రహ్మాండంగా వచ్చింది. మిషను వెళ్లినంత మేర గడ్డి పడుకుంది. వెనక్కి తిరిగి చూసేలోపు లేచి కూర్చుంది. కొన్ని పరకలు చితికి, కొసలు పీచుపీచుగా చీలాయి. దువ్వెన పెట్టి దువ్విన తలలాగా ఉంది గాని క్షవరం జరిగిన తలలా లేదు.

"కోస్తున్నవా, జో కొడుతున్నవా?" అంది నర్సమ్మ అరుగు మీద నుంచి.

"పదును తక్కువైంది. ఎల్సీ ఇయ్యి."

మళ్లీ విప్పాడు, బొట్టు చెరగకుండా ఒక మడత గుడ్డ కప్పి మళ్లీ రాశాడు. మళ్లీ బొట్టు పైకి పెట్టి బిగించాడు. గడ్డి మళ్లీ పడుకుని మళ్లీ లేచింది. అలా ఎన్నిసార్లో. చివరికి నర్సమ్మ రొట్టెలు కాలుస్తూ, ఒక చేత్తో పిండి తడుతూ, ఇంకో చేత్తో ప్లగ్గు పట్టుకుని ఉండగా గడ్డిలోంచి ఒక కప్ప ఎగిరి గడప మీద కూర్చుంది. ఆమె ప్లగ్గూ పిండీ రెండూ దాని మీద విసిరేసింది.

"ఇగ చాలు! కప్ప వచ్చింది. రేపు దాని వెనక పాము వస్తది. ఐతారం దాక చూస్త. ఐతారం పొద్దుమీకెలోపు నువ్వు గీ గడ్డి కోస్తే నీ లాను నీది, మల్ల నేను నోరెత్త. కొయ్యకుంటె మిషను పాతినుప సామానోనికి, జాగా నా మెంతికూరకు. సరేనా?"

"సరే."

"మాటనా?"

"మాట. ఎల్సీ ఇచ్చినంత మాట."

ఆ ఇంట్లో అంతకంటే పెద్ద ఒట్టు లేదు.

ఆ వారమంతా మా సందులో ఇనుము రాసే శబ్దమే. పదును వచ్చిందో లేదో చూడటానికి కురుమయ్య ఎడమ ముంజేతి మీద వెంట్రుకలు గీకి చూసుకునేవాడు. రెండు రోజుల్లో ఆ చెయ్యి నున్నగా అయిపోయింది. తర్వాత దారినపోయేవాళ్లను పిలవడం మొదలుపెట్టాడు. "జర చెయ్యి ఇట్లియ్యి తమ్మీ, ఏం గాదు." పాలు పోసే శంకరయ్య ఒక చెయ్యి నున్నగా, ఒక చెయ్యి ఎప్పటిలాగా పెట్టుకుని తిరిగాడు. నా వంతు కూడా వచ్చింది. నేను చెయ్యి ఇవ్వకుండా ఆనాటి పేపరు ఇచ్చాను. ఆయన దాన్ని గాల్లో పట్టుకుని బ్లేడు ఆనించాడు. సంపాదకీయం నిలువునా రెండైంది. సగం చదివాను. మిగతా సగం లేకపోయినా పెద్ద తేడా తెలియలేదు.

"చూడు సారూ, గడ్డం గీసుకోవచ్చు దీనితోటి! గాలిల పేపరు తెగుతున్నది, భూమ్మీద గడ్డి తెగుతలేదు. ఏం మాయనో తెల్వదు."

"గడ్డి రకం ఏమైనా..." అన్నాను, ఏదో ఒకటి అనాలి కదా అని.

"గదే, గదే! ఫంక్షన్ హాలు గడ్డి గదా. ఇంతమంది తొక్కంగ తొక్కంగ మొండిదైంది" అన్నాడు. ఇంకో గంటకు ఆ అనుమానం కూడా పోయి వోల్టేజీ మీద అనుమానం వచ్చింది. పాత పరిచయం కొద్దీ సబ్‌స్టేషన్‌కే ఫోన్ చేసి అడిగాడు. వాళ్లు నిండుగా ఉందన్నారు. ఇంట్లో మీటరు పెట్టి తనే చూశాడు. నిండుగానే ఉంది.

ఇక షరీఫ్ దిగాడు. సందు మొదట్లో మటన్ కొట్టు అతనిది. కురుమయ్యకూ అతనికీ ఎప్పటినుంచో ఒక పంచాయితీ ఉంది. పదును పెట్టడంలో ఎవరు గొప్ప అని. ఒకరి కత్తిని ఒకరు మెచ్చుకున్నట్టు నేను వినలేదు.

"కురుమన్నా, తీగలు గుంజుకునే మనిషివి, నీకెందుకే పదును పంచాయితీ? ఇటు తే, ఒక్కసారి నా రాయి మీద పెడత" అంటూ తన సానరాయి, నూనె డబ్బా పట్టుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"నువ్వు మేకను కోస్తవ్. ఇది గడ్డి."

"మేక తినేది ఏందన్నా? గడ్డే గదా. మేకనే కోసెటోనికి గడ్డి ఒక లెక్కనా?"

కురుమయ్య బ్లేడు ఇచ్చాడు. షరీఫ్ దాన్ని అందుకోబోయి, బొట్లు చూసి ఆగి, చేతులు కడుక్కుని వచ్చాడు. ఉతికిన చేతిరుమాలు తీసి బొట్ల మీద కప్పి, వేళ్లు వాటికి తగలకుండా కొసలు పట్టుకుని, బిస్మిల్లా అని మెల్లగా అనుకుని రాయి మీద రాయడం మొదలుపెట్టాడు. రాసినంత సేపూ ఆ రుమాలు జారకుండా చూసుకున్నాడు. అయ్యాక తన ముంజేతి మీదే పరీక్షించుకున్నాడు. అంచు చూస్తే చూపు తెగేలా ఉంది.

బిగించేటప్పుడు కురుమయ్యకు పానా జారి, బ్లేడు ఎటుపడితే అటు తిరిగింది. అది సరైన వైపే. ఇద్దరిలో ఎవరు ఊరుకున్నా గడ్డి ఆ పూటే తెగేది.

"ఆగన్నా, ఆగు!" అని షరీఫ్ గబుక్కున పట్టుకున్నాడు. "బొట్టు కిందికి పోతున్నది. నేను చెయ్యి పెట్టినప్పుడే గిట్లయిందని వదినె అంటది. పైకి తిప్పు."

"షరీఫ్ భాయ్, నీకున్న తెలివి మా ఇంట్ల ఒక్కలకు లేదు" అన్నాడు కురుమయ్య కళ్లు చెమర్చి. ఇద్దరూ కలిసి ఎంతో భక్తిగా తిప్పి, తప్పుగా బిగించారు.

గడ్డి పడుకుంది. లేచింది.

"ఇంకొంచెం కిందికి దించి చూడు" అన్నాడు షరీఫ్, ఓటమి తనది కాకుండా చూసుకోవాలని. మిషను చక్రాల దగ్గర ఒక పిడి ఉంటుంది. దాన్ని జరిపితే బ్లేడు నేలకు దగ్గరవుతుంది, పైకి పోతుంది. ఒక మెట్టు దించారు. ఇంకో మెట్టు దించారు. ఆఖరి మెట్టుకు వచ్చేసరికి మిషను కడుపు నేలను ఆనుకున్నంత పనైంది. అయినా గడ్డి చితికిందే గాని తెగలేదు. షరీఫ్ సానరాయి సర్దుకుని, "అన్నా, దుకాణం మీద ఎవ్వరు లేరు" అని వెళ్లిపోయాడు.

శనివారం మధ్యాహ్నం కురుమయ్య బ్లేడు విప్పి నల్లా దగ్గర పెట్టి, భోంచేసి కునుకు తీశాడు. నర్సమ్మ గిన్నెలు తోముకోవడానికి అక్కడికే వచ్చింది. అడ్డంగా ఉందని బ్లేడును పక్కకు జరపబోయి, చేతిలోకి తీసుకుంది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

పచ్చటి పసరు మొద్దు అంచుకు గట్టిగా పట్టి ఉంది. పదును అంచు మాత్రం గిన్నెల సబ్బుతో తోమినట్టు తళతళలాడుతోంది. ఇంట్లో గోంగూర కోసినా, తోటకూర కోసినా పసరు కోసిన అంచుకే అంటుతుంది. పదునుకు గడ్డే తగల్లేదని ఆమెకు ఆ నిమిషంలోనే తెలిసిపోయింది. బ్లేడు తిరగేసి ఉందని, ఎందుకు తిరగేశాడో కూడా.

బ్లేడును తీసుకున్న చోటే పెట్టేసింది.

సాయంత్రం గోడ దగ్గరికి వచ్చింది. ఆమె తనంతట తానుగా నన్ను పలకరించడం తక్కువ.

"సారూ, మీరు శాన పుస్తకాలు చదువుతరు గదా. ఒకలు చేసే తప్పు మనకు తెలిసింది అనుకో. చెప్పకుంటె పాపమా?"

"తప్పు చేసిన మనిషి అడిగాడా అమ్మా?"

"అడగలే."

"మరి పాపం కాకపోవచ్చు. కాని చెప్పకుండా ఉండటం కష్టం."

"ఎంత కష్టమైనా రేపు పొద్దుమీకె దాకనే" అని ఒక నిట్టూర్పు విడిచింది. ఆ పూట వాళ్లింట్లో పప్పు మాడిన వాసన మా ఇంటిదాకా వచ్చింది.

నేను కొంతసేపు ఆలోచించాను. ఎవరి తప్పు, ఏం తప్పు అని. తర్వాత పుస్తకం తీశాను. కొన్ని విషయాలు గోడ అవతల తేలడమే మంచిది.

ఆదివారం మధ్యాహ్నం దాటాక పాతినుప సామాను ఆటో మైకు పెట్టుకుని సందులోకి రానే వచ్చింది. నర్సమ్మ దాన్ని వేపచెట్టు నీడలో ఆపించింది. ఆటో అతను మిషనును ఒక కంట చూస్తూ బీడీ వెలిగించాడు. షరీఫ్ కొట్టు మూసి వచ్చాడు. నేను కూడా పుస్తకం మూసి, గోడకు ఇవతల నిలబడ్డాను.

కురుమయ్య ఆ పొద్దున గడ్డం కూడా గీసుకోలేదు. మిషనును పక్కకు వాల్చి, బ్లేడు చేతిలోకి తీసుకుని, "ఎల్సీ ఇయ్యి నర్సమ్మా" అన్నాడు.

నర్సమ్మ ప్లగ్గు పట్టుకుని పక్కన నిలబడింది. "ఇచ్చిన" అంది. మామూలుగా అయితే దాంతోపాటు నాలుగు మాటలు వచ్చేవి. ఆ రోజు పెదవులు బిగబట్టుకుని ఆకాశంలోకి చూస్తోంది. ఆయన బొట్టు పైకి తిప్పాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుంది. ఆయన బోల్టు పెట్టాడు. ఆమె ఒక కాలి మీది నుంచి ఇంకో కాలి మీదికి మారింది. ఇంకో రెండు చుట్లు బిగిస్తే జాగా ఆమెదే.

అంతలో కురుమయ్య పానా ఆపి తలెత్తాడు.

"నాకు తెలుసు. నువ్వు గీ మిషను కొయ్యొద్దని మనసుల మొక్కుకున్నవ్. అందుకే కోస్తలేదు. నా చేతిపదునుకు తెగంది లేదు, నీ మొక్కుతోటే గిట్లయింది!"

నోట్లోని కొంగు ఊడిపడింది.

"మొక్కుకున్న మాట నిజమే!" అంది నర్సమ్మ. "ఎల్లమ్మకు మొక్కుకున్న, కోడిని గూడ అనుకున్న. గాని దాన్ని తిరగేసి పెట్టుకున్నది నువ్వు! ఎల్లమ్మ గాదు! వారం నుంచి వెనక దిక్కు పదును పెట్టుకుంట, ముందల మొద్దు దిక్కుతోటి గడ్డిని కొడుతున్నవ్! ఇద్దరికిద్దరు, పదును సర్దార్లు! పసరు ఏ దిక్కున్నదో ఒక్కడన్న చూసిండా?"

అందరం బ్లేడు వైపు చూశాం. ఆటో అతను బీడీ పారేసి వచ్చి మరీ చూశాడు. షరీఫ్ మెల్లగా తన నున్నటి ముంజేతిని కమీజు చేతి కిందికి లాక్కున్నాడు.

తను ఏం చేసిందో నర్సమ్మకు అప్పుడు తెలిసింది. నెత్తి కొట్టుకుని అరుగు మీద కూలబడింది. "ఇంకో గడియ నోరు మూసుకుంటె ఏం పోయేదే నాకు" అని తనను తనే తిట్టుకుంది.

కాని కురుమయ్య సంతోషించలేదు. బ్లేడు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. "సరే, తిప్పి పెడితే తెగుతది. మరి బొట్టు?"

"బొట్టుకేమైంది?"

"నేలకు మొఖం పెడతది. అమ్మవారిని బోర్లేసినట్టు గాదా? గడ్డి తెగకున్నా మంచిదే, నేనైతే గా పని చెయ్య."

మొండి మనిషి. గెలుపు చేతిలోకి వచ్చాక కూడా కదల్లేదు. ఇప్పుడైనా నర్సమ్మ ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోలేదు. ఒకసారి తప్పు చెప్పడం మొదలుపెట్టిన మనిషి మధ్యలో ఆగడం అయ్యే పని కాదు. లోపలికి వెళ్లి కుంకుమ భరిణ తెచ్చి, బ్లేడు లాక్కుని, రెండో వైపు కూడా పసుపు రాసి, వరసగా బొట్లు పెట్టింది.

"ఇగో. ఇప్పుడు ఎటు తిప్పినా పైన బొట్టే. అమ్మవారు పైకి చూస్తది. కిందిది మిషను తన సొంతానికి పెట్టుకున్నదనుకో."

కురుమయ్య దాన్ని రెండు వైపులా తిప్పి చూశాడు. ఎక్కడా వంక దొరకలేదు. కళ్లకద్దుకుని, పదును ముందుకు వచ్చేలా బిగించాడు. నర్సమ్మ ప్లగ్గు పెట్టింది.

మిషను కదిలింది. ఈసారి చప్పుడే వేరు. సన్నగా, సర్రున, కొత్త బట్ట చింపినట్టు. గడ్డి పడుకోలేదు. లేవలేదు. లేనే లేదు. వెనక సంచిలోకి పచ్చగా ఎగిరి పడుతోంది. కురుమయ్య ముఖం వెలిగిపోయింది. ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి తోశాడు. "తెగుతున్నది సారూ! తెగుతున్నది షరీఫ్ భాయ్!" అని అరుస్తూ ఆగకుండా తోశాడు. షరీఫ్ చప్పట్లు కొట్టాడు. నేను కూడా కొట్టాను.

ఎర్రటి దుమ్ము లేస్తుంటే మాకు అనుమానం వచ్చింది. ఎండ కదా, అనుకున్నాం. మిషను ఆగాక చూస్తే ఇంటి ముందు లాను లేదు. ఆఖరి మెట్టుకు దించిన పిడిని ఎవరూ పైకి జరపలేదు. వారం రోజుల పదును, గడ్డానికి మంగలికత్తి ఆనినట్టు నేలకు ఆనిన బ్లేడు, ఆ రెండూ కలిసి గడ్డిని వేర్ల దాకా గీకేశాయి. అప్పుడే గుండు చేయించుకుని వచ్చిన తలలా ఎర్రమట్టి మెరుస్తోంది.

కురుమయ్య వంగి ఆ మట్టిని వేలితో తాకి చూశాడు.

"కోసిన" అన్నాడు చివరికి.

"కోసినవ్" అంది నర్సమ్మ.

"మాట ప్రకారం లాను నాది."

"నీదే. ఏదీ, చూపియ్యి."

ఆటో అతను, "మిషను ఇస్తరా, పోవాల్నా?" అన్నాడు. ఇద్దరూ ఒక్క గొంతుతో "పో!" అన్నారు. పంచాయితీ షరీఫ్ మీద పడింది. అతను రెండు వైపులా చూసి, గొంతు సవరించుకుని, "గడ్డి కోసుడు సంగతి అడిగితె అన్న గెలిచిండు. జాగ సంగతి అడిగితె అది ఖాళీగున్నది. ఖాళీ జాగ మీద తీర్పు చెప్పెటంత చదువు నాకు లేదు" అని తన కొట్టు వైపు పరుగు పెట్టాడు.

నర్సమ్మ ఇంకెవరి తీర్పు కోసమూ ఆగలేదు. మరునాడు పొద్దున్నే పొయ్యిగడ్డ మీది డబ్బాలోంచి మెంతులు తెచ్చి, ఆ ఎర్రమట్టి నిండా చల్లి, చేత్తో కలిపింది. కురుమయ్య అరుగు మీద కూర్చుని చూశాడు గాని అడ్డుచెప్పలేదు. "వేర్లున్నయి సారూ" అన్నాడు నాతో గోడ మీదుగా, రహస్యం చెప్పినట్టు. "గరికకు వేరుంటె చాలు. నీళ్లు తగిలితె లేస్తది."

అప్పటినుంచి రోజూ పొద్దున ఆ ఇంటి ముందు పైపు పట్టుకోవడానికి పోటీ. ఎవరు ముందు లేస్తే వాళ్లే నీళ్లు పడుతున్నారు. మెంతులు ముందు మొలుస్తాయో గరిక ముందు లేస్తుందో ఇంకా తేలలేదు. మట్టి మీద అక్కడక్కడా పచ్చటి చుక్కలు వచ్చాయి. అవి దేనివో చెప్పగలిగే వయసు వాటికింకా రాలేదు. నేను కుర్చీని గోడకు ఇంకాస్త దగ్గరగా జరుపుకున్నాను.

నిన్న పొద్దున పైపు కురుమయ్య చేతిలో ఉంది. నర్సమ్మ కొంగు బిగించుకుని బయటికి వచ్చింది.

"నీళ్లు దేనికి పెడుతున్నవ్? గడ్డికా, మెంతులకా?"

"నాకేం తెలుస్తది? నీళ్లనడుగు, ఎటు పోతున్నయో."

"ఇటియ్యి పైపు. నువ్వు గడ్డికే ఎక్కువ పెడుతున్నవ్" అని ఆమె లాక్కుని, సరిగ్గా ఆయన తడిపిన చోటే మళ్లీ తడపడం మొదలుపెట్టింది.